ఆరుగంటల బ్యాచీలో లక్ష్మీనరసమ్మ గారు

గుండె ఆపరేషన్ చేసిన డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పుడు హనుమంతరాజు తలూపాడు. ఆవకాయ మానేయమన్నప్పుడు కూడా నోరెత్తకుండా తలూపాడు. "పొద్దున్నే నడవండి, మంచిది. ఈత మాత్రం వద్దు. గోదావరిలో అసలు వద్దు" అనేసరికి ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. హైదరాబాదులో రైలెక్కి రాజమండ్రిలో దిగేదాకా, మంచినీళ్ళు కావాలని భార్యని అడగడం తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

అది రెండువేల ఒకటి, ఆగస్టు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరై అప్పటికి ఏడాదిన్నర. ఈత మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. వరద నెలలు పోయాక ఆనకట్ట ఎగువన గోదావరి పారడం మానేసినట్టుంటుంది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నాలుగు కిలోమీటర్లకి తక్కువ లేని ఒక్కటే నీటి పలక. కార్తీకం నుంచి ఎండలు ముదిరేదాకా రోజూ ఆరింటికి రేవులో దిగే పదిమందిని ఊళ్ళో ఆరుగంటల బ్యాచీ అనేవారు. ఆ బ్యాచీకి పెద్ద హనుమంతరాజు. ఆ తరవాత రాజరత్నం, మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి మానినవాడు. అందరికన్నా చిన్నవాడు ఫణీంద్ర, పళ్ళ డాక్టరు. మిగిలినవాళ్ళు వస్తూ పోతూ ఉండేవారు. వాళ్ళ వెనకాలే ఒక నాటు పడవ, అందులో తెడ్డు వేస్తూ వీరదుర్గ. తెల్లవారుజామున వలలు తీసి చేపలు ఒడ్డుకి చేర్చాక ఆమె మొగుడు త్రిమూర్తులు బజారుకి వెళ్ళేవాడు, ఆమె పడవ తిప్పుకుని ఈతగాళ్ళ వెంట వచ్చేది. ఎవరికి పిక్క పట్టేసినా, ఆయాసమొచ్చినా ఆ పడవ అంచే దిక్కు.

హనుమంతరాజు వెంట లక్ష్మీనరసమ్మ కూడా రేవుకి వచ్చేది. భర్త తువ్వాలూ, వాచీ, చెప్పులూ దగ్గర పెట్టుకుని మెట్టు మీద కూర్చునేది. అతను నది మధ్యలో ఉన్న ఇసుక లంక దాకా ఈది వచ్చేవాడు, ఆవిడ తువ్వాలు అందించేది, ఇద్దరూ ఇంటికొచ్చి కాఫీ తాగేవారు. అన్నేళ్ళలో ఆవిడ కాలు చీలమండ దాటి తడవలేదు.

ఆపరేషన్ అయ్యాక హనుమంతరాజు గోదావరి మొహం చూడడం మానేశాడు. రోజూ నడిచేవాడు, కానీ రేవుకి ఎదురుదిక్కుగా, దానవాయిపేట వైపు. బ్యాచీలో ఎవరన్నా చూడవస్తే నిద్రపోతున్నానని చెప్పమనేవాడు. ఒకసారి రాజరత్నం వచ్చి, లోపల్నుంచి రేడియో వినపడుతున్నా, "పడుకోనీండమ్మా, ఏం తొందర లేదు" అని అరటిపళ్ళ అత్తం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట గదిలోకి వినపడింది. హనుమంతరాజు రేడియో కట్టేసి సిగ్గుతో కూర్చున్నాడు. అయినా మర్నాడూ రేవుకి వెళ్ళలేదు.

కార్తీకం వెళ్ళిపోయాక ఒక పొద్దున కాఫీ గ్లాసు అతని ముందు పెడుతూ లక్ష్మీనరసమ్మ, "ఏవండీ, నేను ఈత నేర్చుకుందామనుకుంటున్నాను" అంది.

"ఎక్కడ?"

"గోదార్లోనండి. మనింట్లో బావి కూడా లేదుగా."

"నీకు యాభైమూడు."

"అవునండి. ఆగితే యాభైనాలుగొస్తాయి."

"నలుగురూ చూసి నవ్వుతారు, లక్ష్మీ."

"ఆ వేళకి నలుగురూ దుప్పటి కప్పుకుని ఉంటారండి. వీరదుర్గతో మాట్లాడేను. గట్టు చివర, జనం రాని చోటుంది, అక్కడ నేర్పుతానంది."

హనుమంతరాజుకి సంగతి అర్థమైపోయింది, లేదా అర్థమైపోయిందనుకున్నాడు. తనని ఎలాగైనా రేవుకి లాగాలని ఈ ఎత్తు. పెళ్ళాం ఒక్కతీ నీళ్ళలో దిగుతుంటే మొగుడు ఇంట్లో కూర్చోగలడా? కూర్చోగలడని చూపిద్దామనుకున్నాడు. రెండు రోజులు కూర్చున్నాడు. రెండు రోజులూ ఆవిడ తడిజుట్టుతో, కూతురు గీతిక వైజాగులో ఉద్యోగానికి వెళ్తూ వదిలేసిన పాత పంజాబీ డ్రెస్సులో, పైన శాలువా కప్పుకుని, చలికి పళ్ళు కొట్టుకుంటూ ఇంటికొచ్చింది. ఎలా ఉందని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మూడో రోజు ఆవిడ గుమ్మం దాటిన పది నిమిషాలకి హనుమంతరాజు చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

గట్టు చివర నడుములోతు నీళ్ళలో వీరదుర్గ నిలబడి ఉంది. చీర గోచీ బిగించి కట్టింది. వల బెండ్లు ఒక తాడుకి గుచ్చి లక్ష్మీనరసమ్మ నడుముకి చుట్టింది. ఆవిడ మొహం నీళ్ళలో పెట్టి, వెంటనే ఎత్తి, దగ్గుతోంది. రెండు చేతులతో వీరదుర్గ భుజాలని వదలకుండా పట్టుకుంది.

"తల ఎత్తొద్దు. తల ఎత్తితే కాళ్ళు మునుగుతాయి" అన్నాడు హనుమంతరాజు ఒడ్డు మీంచి. ఆ నెలల్లో అతని గొంతు అంత గట్టిగా పలకడం అదే మొదలు.

ఇద్దరాడవాళ్ళూ తిరిగి చూశారు. లక్ష్మీనరసమ్మ మొహం తుడుచుకుని, "వచ్చేరా, కూర్చోండి, రాయి తడిగా ఉంది చూసుకోండి" అంది, ఇంటికొచ్చిన చుట్టానికి మర్యాద చేసినట్టు.

ఆ సాయంత్రం అతను పాత టేబుల్ డ్రాయరులోంచి స్కేళ్ళూ, పెన్సిళ్ళూ తీశాడు. చెయ్యి నీళ్ళలో ఎన్ని డిగ్రీల్లో దిగాలి, మోచెయ్యి ఎక్కడ విరవాలి, కాళ్ళు ఎంత ఎడం ఉండాలి, అన్నీ ట్రేసింగ్ కాగితం మీద కొలతలతో గీశాడు. మర్నాడు రేవులో వాటిని విప్పి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఒక్కొక్కటీ చదివి వినిపించాడు.

వీరదుర్గ అంతా ఓపిగ్గా విని, "బాగుందండి రాజుగారూ. కానీ కాగితం మీద మునగం గదండి. అమ్మగారికి చేతులు తెలుసు, కాళ్ళు తెలుసు. తెలియనిదల్లా నీళ్ళు మోస్తాయనండి. అది నమ్మకం కుదిరాక కొలతలు చెప్దురుగాని" అంది.

హనుమంతరాజు బొమ్మలు చుట్టేశాడు. కోపం వచ్చింది గానీ, తన ముప్ఫై ఏళ్ళ ఈతలో ఒకరికి నేర్పిన పాపాన పోలేదని కూడా ఆ క్షణాన గుర్తొచ్చింది.

నమ్మకం కుదరడానికి ఇరవై రోజులు పట్టింది. వీరదుర్గ అరచెయ్యి వీపు కింద పెట్టి ఆవిణ్ణి వెల్లకిలా పడుకోబెట్టేది. ఏవేవో మాట్లాడేది. మార్కెట్లో కొరమీను ధర, త్రిమూర్తులు గురక, తన కూతురు లోవలక్ష్మి పదో తరగతి లెక్కలు. మాటల మధ్య చెయ్యి మెల్లిగా తీసేసేది. లక్ష్మీనరసమ్మ అది తెలిసిన మరుక్షణం బిగుసుకుని మునిగేది. ఇరవై ఒకటో రోజున తెలియలేదు. వీరదుర్గ రెండు చేతులూ పైకెత్తి ఒడ్డున ఉన్న హనుమంతరాజుకి చూపించింది. ఆవిడ కళ్ళు మూసుకుని, గీతిక పసుపు పచ్చ డ్రెస్సు చుట్టూ ఉబ్బి, ఏ ఆధారమూ లేకుండా తేలుతోంది. హనుమంతరాజు మాట్లాడితే మునిగిపోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టాడు.

పుష్యమాసంలో ఒక రోజు బెండ్లు విప్పేశారు. "గుండెలనిండా గాలి పీల్చి మునగండమ్మగారూ. లోపల కళ్ళు తెరిచి చూసి, మీకు చాలనిపించాక రండి" అంది వీరదుర్గ. లక్ష్మీనరసమ్మ మునిగింది. నీళ్ళు మూసుకుపోయాయి.

హనుమంతరాజు లెక్కపెట్టసాగాడు. పది. పదిహేను. నీళ్ళ మీద మంచు పొగ. ఇరవై అనుకునేసరికి లేచి నిలబడ్డాడు. వీరదుర్గ తాపీగా జుట్టు ముడేసుకుంటోంది. ఇరవై అయిదుకి చెప్పులతోనే రెండు మెట్లు దిగాడు, పాచి మీద కాలు జారి మోకాలు కొట్టుకున్నాడు. డాక్టరు కుట్టిన చోట గుండె ఎవరో లోపల్నుంచి తలుపు బాదుతున్నట్టు కొట్టుకుంది. ముప్ఫై దగ్గర ఆవిడ తల పైకొచ్చింది, వీరదుర్గకి బారెడు దూరంలో. "నా కాళ్ళు నాకు కనపడ్డాయే దుర్గా. ఆకుపచ్చగా ఉన్నాయి" అంటూ నవ్వింది.

అతను మెట్టు మీదే కూలబడి మోకాలు రుద్దుకుంటూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక కాఫీ తాగుతూ అడిగాడు. "నేను లంకదాకా వెళ్ళినప్పుడు నువ్వేం చేసేదానివి?"

"కూర్చునేదాన్ని."

"అది కాదు. కనపడకుండా పోయేవాణ్ణి కదా."

లక్ష్మీనరసమ్మ తల తుడుచుకోవడం ఆపింది. "విష్ణుసహస్రనామం చదువుకునేదాన్నండి. రెండుసార్లు అయ్యాక మీ తల కనపడేది. ఒక్కోరోజు మూడోసారి కూడా అయిపోయేది. అలాంటప్పుడు తప్పులు చదివేదాన్ని."

"ఒక్కసారీ చెప్పలేదు."

"చెబితే మానేస్తారేమోనని." ఆవిడ మళ్ళీ తల తుడుచుకోవడం మొదలుపెట్టింది. "వచ్చినప్పుడు మీ మొహం బాగుండేదండి."

మర్నాడు రేవుకి వెళ్తూ హనుమంతరాజు దారి మార్చాడు. గట్టు చివరికి కాకుండా బ్యాచీ దిగే చోటికే నడిచాడు. ఆర్నెల్ల తరవాత కనపడిన మనిషిని చూసి రాజరత్నం తన తువ్వాలు జరుపుకున్నాడు. పక్కన చోటిచ్చి, "నీళ్ళు ఇవాళ కాస్త చల్లగా ఉన్నాయి" అన్నాడు. ఆ రోజు నుంచి లక్ష్మీనరసమ్మ కూడా వాళ్ళందరితో పాటే దిగింది. మొదట్లో ఒకరిద్దరు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఫణీంద్ర మాత్రం, "పిన్నిగారూ, మీరు నా ఎడమ పక్కన రండి, అలలకి నేను అడ్డుంటాను" అని తనతో తీసుకెళ్ళాడు. మాఘం వచ్చేసరికి రేవు నుంచి రైలు వంతెన స్తంభందాకా వెళ్ళి, మళ్ళీ వచ్చేది. వేగం లేదు. కానీ ఆగేది కాదు.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం బ్యాచీ అంతా లంకకి ఈదుకుంటూ వెళ్ళి, అక్కడ ఇసుకలో టిఫిను చెయ్యడం ఏటా ఉన్నదే. కిలోమీటరు పైమాట. "నేనూ వస్తాను" అంది లక్ష్మీనరసమ్మ. ఎవరూ కాదనలేదు. అందరూ హనుమంతరాజు వైపు చూశారు.

"నేను పడవలో ఉంటాను" అన్నాడతను.

ఆ పొద్దున ఊరి వెనక ఇంకా ఎండ రాలేదు గానీ అవతలి గట్టున కొవ్వూరు వైపు కొబ్బరితలలు అప్పుడే వెలిగాయి. పదిమంది దిగారు. మగవాళ్ళు ముందు సాగిపోయారు. రాజరత్నం మాత్రం లక్ష్మీనరసమ్మకి కుడిపక్కన, ఆవిడ వేగానికి తన వేగం తగ్గించుకుని ఉండిపోయాడు. వెనక పది గజాల్లో పడవ. హనుమంతరాజు ముందు పలక మీద కూర్చుని, ఇటు ఒక అంచూ అటు ఒక అంచూ పట్టుకున్నాడు. "కుడిచెయ్యి ఇంకా చాపాలి" అన్నాడు ఒకసారి. "రాజుగారూ" అంది వీరదుర్గ వెనకనుంచి, అంతే. అతను అంచులు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

సగం దాటాక దక్షిణం నుంచి గాలి లేచింది. అప్పటిదాకా అద్దంలా ఉన్న నీళ్ళు చిన్న చిన్న అలలు కట్టాయి. ఊపిరి తీసుకోబోయిన నోట్లోకి ఒక అల కొట్టింది. లక్ష్మీనరసమ్మ దగ్గింది, ఆగింది, మళ్ళీ బార వేసింది. వెంటనే మొహం ముడుచుకుంది. "కాలు" అంది. రాజరత్నం ఆవిడ మోచెయ్యి పట్టుకుని మునగకుండా ఆపాడు. వీరదుర్గ రెండు తెడ్లు వేసి పడవని వాళ్ళ పక్కకి తెచ్చింది.

హనుమంతరాజు వంగి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. గాజులు అరచేతికి గుచ్చుకుంటున్నా వదల్లేదు. "చాలు. ఎక్కెయ్. సగం పైన వచ్చేశావు, అదే చాలు" అన్నాడు.

ఆవిడ పడవ అంచుకి గడ్డం ఆనించి ఊపిరి తీసుకుంటోంది. కింద రాజరత్నం నీళ్ళలో ఆవిడ పాదం పట్టుకుని వేళ్ళు పైకి వంచుతున్నాడు. "ఇంకొక్క నిమిషమమ్మా, సడలుతోంది" అన్నాడు. నిమిషం గడిచింది. ఆవిడ కాలు ఆడించి చూసుకుంది.

"వదలండి" అంది భర్తతో.

"లక్ష్మీ, గాలి పెరుగుతోంది."

"చూస్తున్నానుగా. వదలండి, వెళ్తాను."

హనుమంతరాజు వీరదుర్గ వైపు చూశాడు. ఆమె గాలిని చూసి, నీళ్ళని చూసి, "వెళ్ళగలరండి" అంది. అయినా చెయ్యి రాలేదు. ఆ చేతిని అతను ఇంత గట్టిగా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేటప్పుడు ఆవిడే పట్టుకుంది, నర్సు వచ్చి విడిపించేదాకా. అప్పుడు ఆవిడ ఎలా వదిలిందో ఇప్పుడు తెలుస్తోంది. ఒక్కొక్క వేలే తీశాడు.

ఆవిడ వెనక్కి తోసుకుని, కాసేపు వెల్లకిలా తేలి, తిరిగి బార వేసింది. లంక ఇసుకలో కాళ్ళు ఆనేదాకా మళ్ళీ ఆగలేదు. ఒడ్డున అప్పటికే చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆవిడ వాళ్ళ ముందు సిగ్గుపడి, శాలువా కోసం చెయ్యి చాపింది. పడవ ఇసుకకి తగలకముందే హనుమంతరాజు మోకాలిలోతు నీళ్ళలోకి దిగి శాలువా తెచ్చి కప్పాడు.

రాజరత్నం భార్య కట్టిచ్చిన ఇడ్లీలూ, అల్లప్పచ్చడీ, ఫణీంద్ర తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులూ పేపరు పరిచి పెట్టుకున్నారు. లక్ష్మీనరసమ్మ ఆరిడ్లీలు తింది. అంత ఆకలితో ఆవిడ తినడం అతను చూడలేదు. మగవాళ్ళు మళ్ళీ నీళ్ళలో పడ్డాక, ఇద్దరూ దర్భపొదల పక్కన ఎండకి కూర్చున్నారు.

"ఒక్క మాట అడుగుతాను" అన్నాడు హనుమంతరాజు. "నన్ను ఇంట్లోంచి కదిలించడానికే కదా ఇదంతా."

ఆవిడ తడి జడ పిండుకుంది. "అందరూ అలాగే అనుకుంటున్నారండి. రాజరత్నం గారు కూడా అన్నారు, మీ త్యాగం గొప్పదమ్మా అని. అనుకోనిచ్చాను." తలెత్తి చూసింది. "మీరు రావడం బాగుంది. కానీ నేను దిగింది నాకోసమండి."

హనుమంతరాజు ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నరసాపురంలో మా మావయ్య వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మగపిల్లలంతా రేవులో ఈదేవారు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఒకరోజు నేనూ దిగేను. వాళ్ళకన్నా బాగా తేలేనండి, నిజంగా. మా అమ్మమ్మ జుట్టు పట్టుకుని బయటికి లాగింది. రాజుల పిల్ల రేవులో తడిబట్టలతో ఏంటని. ఆ తరవాత నన్ను నరసాపురం తీసుకెళ్ళడమే మానేశారు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పేనండి. ధవళేశ్వరం క్వార్టర్సులో ఉన్నప్పుడు. గీతిక ఇంకా పుట్టలేదు. నాకూ నేర్పుతారా అని అడిగేను. మీరు నవ్వేరు."

అతను ఆ రోజుని వెతుక్కున్నాడు. క్వార్టర్సు గుర్తొచ్చింది, వసారాలో వేలాడే లాంతరు గుర్తొచ్చింది, అప్పటి ఆవిడ నీలం అంచు చీర గుర్తొచ్చింది. తను నవ్వడం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. తనకి దొరకనంత చిన్న సంగతి ఆవిడ దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళు ఉండిపోయింది.

"నాకు గుర్తులేదు లక్ష్మీ" అన్నాడు.

"నాకు తెలుసండి. చెడ్డగా నవ్వలేదులెండి. ముద్దుగానే నవ్వేరు." ఆవిడ అతని మోకాలి మీద ఇసుక దులిపింది. అక్కడ పాచి మెట్టు మీద కొట్టుకున్న మచ్చ ఇంకా ఉంది. "మానలేదేంటి ఇది, పసుపు రాయమంటే రాయరు."

"రాస్తాను" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ పడవెక్కింది. కాలు మళ్ళీ పట్టేస్తుందేమోనని వీరదుర్గ గట్టిగా చెప్పింది, ఆవిడా మొండికెయ్యలేదు. గాలి తగ్గింది. ముందు ఈతగాళ్ళ తలలు నల్లగా, ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. హనుమంతరాజు భార్య పక్కనే అదే పలక మీద సర్దుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ చాలదు, అందుకని ఒకరినొకరు ఆనుకోవలసి వచ్చింది.

"ఎలా ఉంది లోపల?" అని అడిగాడు. అన్నాళ్ళలో మొదటిసారి.

"మీకు తెలియనిదా."

"చెప్పు."

ఆవిడ ఆలోచించింది. "మధ్యలో వెల్లకిలా తేలేను చూడండి, అప్పుడు చెవులు మునిగేయి. ఏదో దడదడమని వినపడింది. నా గుండేమో అనుకున్నాను. కాదండి, రైలు. వంతెన మీద రైలు. నీళ్ళలోంచి వచ్చింది చప్పుడు. ఒళ్ళంతా వినపడింది."

ముప్ఫై ఏళ్ళు ఆ వంతెన పక్కన ఈదినవాడు హనుమంతరాజు. ముందెవరున్నారు, వెనకెవరున్నారు, ఎన్ని నిమిషాలు పట్టింది అన్న ధ్యాసలో ఒక్కరోజూ చెవులు మునగనిచ్చి ఆగలేదు. ఆ మాట చెప్పబోయి మానుకున్నాడు.

"ఏ రైలు?" అన్నాడు.

"నాకేం తెలుసండి, చాలా పెట్టెలున్నట్టుంది. ఎంతకీ అవలేదు" అని ఆవిడ చెప్పుకుపోతూ ఉంటే, వీరదుర్గ తెడ్డు మెల్లిగా వేస్తూ పడవని రేవు వైపు నడిపించింది.